మట్టి నేల మీద దిగే తేలికపాటి విమానానికి చక్రాల ఇరుసు ఏ లోహంతో చేయించాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. 600 కిలోల రెండు సీట్ల టెయిల్‌వీల్ (పెద్ద చక్రాలు రెండూ ముందు, చిన్న చక్రం తోక కింద) విమానం కిట్ కడుతున్నారు. టైర్లు 8.00-6. విజయనగరం వైపు ఒక ఎర్రమట్టి స్ట్రిప్ మీద ఎగరాలని ఆలోచన. మిగతా రోజుల్లో రెక్కలు విప్పి, ట్రైలర్ మీద తెచ్చి భీమిలి రోడ్డులో సముద్రానికి దగ్గరగా ఉన్న షెడ్డులో పెడతారు. కిట్‌తో వచ్చిన ఇరుసులు తారు రన్‌వే కోసం చేసినవి కాబట్టి మార్చాలనుకుంటున్నారు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి ఈఎన్8 (మామూలు కార్బన్ ఉక్కు) రాడ్డు చాలంటున్నారు, మీ స్నేహితుడు 7075 అల్యూమినియం అంటున్నారు, ఇంకొకాయన టైటానియం అంటున్నారు.

నేనైతే నార్మలైజ్ చేసిన, అంటే వేడిచేసి గాలిలో చల్లార్చిన, 4130 క్రోమ్‌మోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) ట్యూబే వాడతాను. గోడ మందం 4.8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. మీ చక్రం ఒప్పుకుంటే ఒకటింబావు అంగుళానికి బదులు ఒకటిన్నర అంగుళం బయటి వ్యాసం తీసుకోండి. సర్టిఫికెట్ ఉన్న 4130 ట్యూబ్ దొరక్కపోతే ఈఎన్24 (నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) రాడ్డును టీ కండిషన్‌లో, అంటే ముందే గట్టిపరిచి అమ్మేదాన్ని కొని, మధ్యలో బోర్ వేయించండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది లోహం పేరు దగ్గరే ఆగిపోతారు. ఇరుసు ఎంత బరువు మోస్తుందో ఎక్కువగా తేల్చేది వ్యాసం. ఓపిక దాటాక అది వంగుతుందా, తెగిపోతుందా అన్నది తేల్చేది లోహం. మట్టి నేల మీద ఈ రెండో సంగతి చాలా ముఖ్యం.

ముందు లోడ్ చూద్దాం. 600 కిలోలంటే 5886 న్యూటన్లు. చిన్న విమానాలకు 2017కు ముందున్న అమెరికా ఎఫ్‌ఏఆర్ 23 నిబంధనలనే ఇప్పటికీ చాలామంది డిజైనర్లు కొలబద్దగా వాడతారు. వాటి ప్రకారం దిగేటప్పుడు నేల నుంచి వచ్చే లోడ్ ఫ్యాక్టర్ (బరువుకు ఎన్ని రెట్లు అన్న అంకె) 2 కంటే తక్కువ తీసుకోకూడదు. గతుకుల నేలకు నేను 3 తీసుకుంటాను. అంటే ఒక్కో చక్రం మీద దాదాపు 8830 న్యూటన్లు. ఇరుసు మొదలు, అంటే గేర్ లెగ్‌కు బిగించే ఫ్లాంజ్ దగ్గర నుంచి చక్రం మధ్య గీత వరకు దూరం 70 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు మొదట్లో వంచే మూమెంట్ (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది) సుమారు 618 న్యూటన్ మీటర్లు.

ఇది నిలువు లోడ్ ఒక్కటే. పక్క లోడ్ సంగతి చాలామంది మర్చిపోతారు. అవే నిబంధనల్లో పక్క లోడ్ కేసుకు నిలువు ఫ్యాక్టర్ 1.33. పక్క బలం ఒక చక్రానికి లోపలివైపు బరువులో 0.5 వంతు, రెండో చక్రానికి బయటివైపు 0.33 వంతు. ఈ బలం టైరు నేలను తాకే చోట పనిచేస్తుంది. అంటే ఇరుసును వంచే చేయి పొడవు టైరు వ్యాసార్ధమంత. అది 200 మిల్లీమీటర్లు అనుకుంటే, బయటివైపు లాగే చక్రం ఇరుసు మీద రెండూ కలిసి 660 న్యూటన్ మీటర్లకు చేరతాయి. గట్టిగా దిగిన దానికంటే ఇది ఎక్కువ! క్రాస్‌విండ్‌లో కాస్త జారుతూ దిగి, చక్రం ట్రాక్టర్ గాడిలో పడితే జరిగేది ఇదే.

దీంట్లో ఇంకో చిక్కుంది. మట్టి నేల కదా అని పెద్ద టైర్లు వేస్తే గతుకుల దెబ్బ తగ్గుతుంది, నిజమే. కానీ వ్యాసార్ధం పెరిగిన మేరకు పక్క లోడ్ మూమెంట్ కూడా పెరుగుతుంది. హబ్ వెడల్పయితే ఆ 70 మిల్లీమీటర్ల దూరం కూడా పెరుగుతుంది. టైరు సైజు మార్చి ఇరుసును పాతదే ఉంచడం మంచిది కాదు.

మూడో కేసు నిబంధనల్లో ఈ రూపంలో ఉండదు, నేను వేసుకునేది. చక్రం పొలం గట్టునో, వాన కోసిన గండినో గుద్దుకుంది. వెనక్కి తోసే బలం నిలువు బలమంతే ఉందనుకుంటాను. రెండూ లంబంగా కలిస్తే 1.41 రెట్లు, అంటే 874 న్యూటన్ మీటర్లు. దీన్ని లిమిట్ లోడ్‌గా (శాశ్వతంగా వంగకుండా మోయాల్సింది) పెట్టుకుని, ఒకటిన్నర రెట్లు వేసిన 1311ను అల్టిమేట్‌గా (తెగకుండా ఆపాల్సింది) చూస్తాను. మట్టి స్ట్రిప్‌కు ఇరుసు గీసేటప్పుడు నన్ను శాసించేది ఈ అంకే.

ఇప్పుడు వ్యాసం. గుండ్రటి రాడ్డు వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. అల్ట్రాలైట్ల మీద కనిపించే 5/8 అంగుళం ఇరుసుకు సెక్షన్ మాడ్యులస్ (మూమెంట్‌ను దీంతో భాగిస్తే స్ట్రెస్ వస్తుంది) 393 ఘన మిల్లీమీటర్లు. పక్క లోడ్ కేసులోని 660 న్యూటన్ మీటర్లు దాని మీద పెడితే స్ట్రెస్ దాదాపు 1680 మెగాపాస్కల్స్. మీ బడ్జెట్‌లో దొరికే ఏ లోహమూ దాన్ని ఆపలేదు. ముప్పావు అంగుళం తీసుకుంటే 970 దగ్గరకు దిగుతుంది. ఒక అంగుళానికి 410. ఒకటింబావు అంగుళం గట్టి (లోపల బోలు లేని) రాడ్డుకు 210. లోహాన్ని ముట్టుకోకుండానే స్ట్రెస్ ఎనిమిదో వంతుకు పడిపోయింది చూడండి. అందుకే లోహం గురించి వాదించుకునే ముందు వ్యాసం తేల్చుకోమంటాను.

ఒకటింబావు అంగుళంలోనే గట్టి రాడ్డుకు బదులు 4.8 మిల్లీమీటర్ల గోడ ఉన్న ట్యూబ్ తీసుకుంటే బరువు దాదాపు సగం అవుతుంది, బలం మాత్రం మూడొంతులు మిగులుతుంది. అదే గోడతో ఒకటిన్నర అంగుళానికి వెళ్తే, ఒకటింబావు ట్యూబ్ కంటే బరువు 23 శాతం పెరుగుతుంది, బలం 55 శాతం పెరుగుతుంది. పొలాల్లో, నదీ తీరాల్లో దిగే విమానాల మీద ఒకటిన్నర అంగుళం ఇరుసు ఎక్కువగా కనిపించేది ఇందుకే.

ఈ లెక్కలతో లోహాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈఎన్8తో మొదలుపెడతాను, ఎందుకంటే మీ మేస్త్రి మాటను కొట్టిపారేయలేం. నార్మలైజ్ చేసిన ఈఎన్8కు ఈల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్) 280 మెగాపాస్కల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఒకటింబావు అంగుళం గట్టి రాడ్డు మీద గట్టు గుద్దిన కేసు పెడితే స్ట్రెస్ 278. కాగితం మీద అంచున నిలబడింది. కానీ మార్జిన్ శూన్యం. ఒక్కో ఇరుసు 200 మిల్లీమీటర్ల పొడవుకు కిలోంబావు బరువు. పైగా రిటైల్ కొట్లో ఈఎన్8 అని ఇచ్చేది ఏ హీట్ (కరిగించిన విడత) నుంచి వచ్చిందో, అసలు నార్మలైజ్ చేశారో లేదో కాగితం ఉండదు. మేస్త్రి అనుభవం లారీలది. అక్కడ అదనపు కిలోకు ఎవరూ బాధపడరు, ఇరుసు పోతే లారీ రోడ్డు పక్కన ఆగుతుంది. ఆయన్ను వదులుకోకండి. లేత్ పని ఆయన దగ్గరే చేయించండి, లోహం మాత్రం మీరు తీసుకెళ్లి ఇవ్వండి.

ఇదే సందర్భంలో రెండు మాటలు. ఉక్కునగరం పక్కనే ఉందని ఇక్కడ చాలామంది టీఎంటీ రాడ్డును దేనికైనా వాడొచ్చనుకుంటారు. టీఎంటీకి బలమంతా నీటితో చల్లార్చిన పైపొరలో ఉంటుంది, లోపల మెత్తటి ఉక్కు. లేత్ మీద తిప్పగానే ఆ పైపొరే రజనుగా రాలిపోతుంది. లారీ పాత యాక్సిల్ షాఫ్ట్ కోసి వాడదామన్నా ఇదే గొడవ. చాలావాటికి పైపొరే గట్టిపరిచి ఉంటుంది, పైగా అది అప్పటికే ఎన్ని లక్షల గతుకులు తిన్నదో, లోపల ఏ పగులు దాగి ఉందో తెలియదు. ఇవి రెండూ వద్దు.

7075-టీ6 అల్యూమినియం. మీ స్నేహితుడు చెప్పిన అంకెలు సరైనవే. ఈల్డ్ 503, తెగే బలం 572, సాంద్రత ఉక్కులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఒకటింబావు అంగుళం గట్టి రాడ్డు 445 గ్రాములే. 4130 ట్యూబ్ 635 గ్రాములు. రెండు ఇరుసులకు కలిపి 380 గ్రాములు మిగులుతాయి. సిమెంట్ రన్‌వే మీద, లోతట్టు ఊళ్లో అయితే నేను దీన్ని కాదనను.

మీకు మాత్రం మూడు కారణాల వల్ల వద్దంటున్నాను. ఒకటి, 7075కు పగులును ఓర్చుకునే గుణం తక్కువ. పచ్చి కొమ్మకూ ఎండు కొమ్మకూ ఉన్న తేడా ఇది. 4130 వంగి, మీకు కనబడి, తర్వాత తెగుతుంది. 7075లో చిన్న పగులు ఒక హద్దు దాటిందంటే ఒక్కసారిగా తెగుతుంది. రెండు, టీ6 కండిషన్‌లో దీనికి స్ట్రెస్ కరోజన్ పెద్ద బలహీనత. ఉప్పు తేమలో, లోపల లాగుడు స్ట్రెస్ నిలబడి ఉంటే, విమానం ఎగరకపోయినా పగులు పెరుగుతుంది. ఇరుసు లోపల ఒక బుష్‌ను బిగుతుగా కొట్టారంటే ఆ లాగుడును మీరే తయారుచేసినట్టు. టీ73 కండిషన్‌కు ఈ జబ్బు చాలా తక్కువ, బలం పది పదిహేను శాతం తగ్గుతుంది. అల్యూమినియమే కావాలని పట్టుబడితే టీ73 అడగండి, టీ6 వద్దు. మూడు, విమాన చక్రాల్లో బేరింగ్ లోపలి కోన్ ఇరుసు మీద కాస్త వదులుగా కూర్చుంటుంది, మెల్లగా జరుగుతూ తిరుగుతుంది. మధ్యలో ఎర్రమట్టి సన్నని ఇసుక చేరితే అల్యూమినియాన్ని సానరాయిలా అరగదీస్తుంది. ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లినవాళ్లకు తెలుసు ఆ ఇసుక ఎంత సన్నగా ఉంటుందో, ఎక్కడెక్కడ దూరుతుందో. ఇరుసు మీద ఉక్కు స్లీవ్ వేస్తే అరుగుదల ఆగుతుంది, కానీ స్లీవ్ కింద ఉప్పునీరు నిలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అల్యూమినియం స్టిఫ్‌నెస్ ఉక్కులో మూడో వంతు. అదే కొలతలో మూడింతలు వంగి లేస్తుంది. ఆ వంపుకు టేపర్ బేరింగ్ ఒకవైపే లోడ్ తీసుకుంటుంది.

6061 అసలు చర్చకే అక్కర్లేదు. దాని ఈల్డ్ 276. గట్టు గుద్దిన కేసులో గట్టి రాడ్డు కూడా లిమిట్ దాటేస్తుంది.

టైటానియం 6-4 అందమైన లోహం. ఉప్పుకు చలించదు, ఈల్డ్ 880 దగ్గర, ట్యూబ్ బరువు 360 గ్రాములు. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని 1973 నుంచి ఉంది, మన రాష్ట్రాల వాళ్లకు టైటానియం కొత్త పేరేమీ కాదు. కానీ ఇరుసుగా దీనికి రెండు చెడ్డ గుణాలున్నాయి. ఉక్కుతో రాసుకుంటే పట్టేస్తుంది. బేరింగ్ కోన్ కింద, నట్టు మరల్లో ఇది నరకం. పైగా గీత, గాటు పడితే ఫెటీగ్ బలం (పదే పదే పడే లోడ్‌ను ఓర్చే శక్తి) బాగా పడిపోతుంది. మట్టి నేల మీద చక్రాలను తరచూ విప్పి కడగాలి. ప్రతి విప్పుడులో ఒక గీత పడే అవకాశం ఉంటుంది. రెండు ఇరుసులకు కలిపి అరకిలో మిగులు కోసం ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

స్టెయిన్‌లెస్. విశాఖలో బోట్లు, ఓడల పని చేసే వర్క్‌షాపుల్లో 316 రాడ్డు ఎక్కడ చూసినా ఉంటుంది, తుప్పు పట్టదని ధైర్యంగా ఇస్తారు. మెత్తబరచిన కండిషన్‌లో దాని ఈల్డ్ 205 దగ్గర. ఈఎన్8 కంటే తక్కువ. వద్దు. స్టెయిన్‌లెస్‌లో ఇరుసుకు పనికొచ్చేది 17-4పీహెచ్. దాన్ని హెచ్900 కండిషన్‌లో (హెచ్ పక్క అంకె హీట్ ట్రీట్‌మెంట్ వేడి, ఫారన్‌హీట్‌లో) కాకుండా హెచ్1025లో గానీ, ఇంకా ఓర్పు కావాలంటే హెచ్1150లో గానీ తీసుకోండి. హెచ్900 అంకెలు పెద్దగా కనిపిస్తాయి, కానీ ఉప్పుగాలిలో పగుళ్లకు లొంగేది అదే. హెచ్1025కు ఈల్డ్ 1000 దరిదాపులు. ఖరీదు భరించగలిగితే, సముద్రం పక్కన ఉంచే విమానానికి ఇది నా రెండో ఎంపిక. నట్టు మరలకు యాంటీసీజ్ పేస్టు తప్పనిసరి.

ఎక్కువ బలమే మంచిదనుకుని 12.9 గ్రేడ్ బోల్టును ఇరుసుగా వాడేవాళ్లు, 4340 ఉక్కును 1800 మెగాపాస్కల్స్ వరకు గట్టిపరిచేవాళ్లు ఉన్నారు. వాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉక్కు బలం 1000 మెగాపాస్కల్స్ దాటినప్పటి నుంచి హైడ్రోజన్ భయం మొదలవుతుంది. పికిలింగ్ యాసిడ్‌లో ముంచినా, ఎలక్ట్రోప్లేటింగ్‌లో జింక్ ఎక్కించినా హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. ప్లేటింగ్ తొట్టి నుంచి తీసిన నాలుగు గంటల్లోపే 190 డిగ్రీల పైన ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి బేక్ చేయాలి. చిన్న ప్లేటింగ్ షాపులో ఆ క్రమశిక్షణ దొరుకుతుందని నేను నమ్మను. బేక్ సరిగ్గా కాని ఇరుసు దిగేటప్పుడే తెగాలని లేదు. బిగించి షెడ్డులో నిలబెట్టిన విమానం కింద రాత్రిపూట తెగొచ్చు. అలా తెగిన ఒక బోల్టు ఇరుసును నేను చేత్తో పట్టుకుని చూశాను. తెగిన ముఖం మీద ఎక్కడా వంగిన గుర్తే లేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

ఇప్పుడు 4130 నార్మలైజ్డ్. ఈల్డ్ 435, తెగే బలం 670 దగ్గర. ఒకటింబావు ట్యూబ్ మీద గట్టు గుద్దిన కేసులో లిమిట్ స్ట్రెస్ 365, అల్టిమేట్ 548. రెండూ లోపలే ఉన్నాయి. ఒకటిన్నర అంగుళం ట్యూబ్‌కు 236, 353. అంతకుమించి దెబ్బ తగిలితే అది తెగే ముందు బాగా సాగుతుంది. చక్రం పక్కకు వాలుతుంది, బ్రేకు డిస్క్ రాసుకుంటుంది, విమానం ఒకవైపు లాగుతుంది, కానీ ఆగుతుంది. ఇరుసు తెగితే చక్రం ఊడిపోయి, గేర్ లెగ్ మొన మట్టిలో గుచ్చుకుంటుంది. టెయిల్‌వీల్ విమానం అప్పుడు ముక్కు మీద పల్టీ కొడుతుంది. మనుషులకు దెబ్బలు తగిలేది ఇక్కడే. అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఈఎన్24 టీ కండిషన్ కూడా ఇదే కోవలోది. తెగే బలం 850 నుంచి 1000, ఈల్డ్ 650 పైన, సాగుదల 13 శాతం. అది 4340కి దగ్గరి బంధువు. టీ కండిషన్‌లోనే కొని, అలాగే మెషీన్ చేయించండి. మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయించొద్దు. దాంతో వంపు వస్తుంది, పైపొరలో కార్బన్ పోతుంది. ఈఎన్24ను వెల్డ్ చేయొద్దు. బోల్టులతో బిగించే ఫ్లాంజ్ డిజైన్ అయితేనే దీన్ని వాడండి.

ఇరుసు మరీ బలంగా ఉండటం కూడా మంచిది కాదన్న మాట ఇక్కడ చెప్పాలి. ఇరుసు వంగకపోతే ఆ దెబ్బ గేర్ లెగ్ బోల్టులకు, అక్కడి నుంచి ఫ్యూజిలేజ్ ఫిట్టింగ్‌కు వెళ్తుంది. ఇరుసు మార్చడం ఒక రోజు పని. ఫ్యూజిలేజ్ ట్యూబులు వంగితే నెలల పని. కిట్ డిజైనర్ దగ్గర గేర్ లెగ్, దాని బోల్టులు ఎంత లోడ్‌కు గీశారో అడిగి తెలుసుకుని, ఇరుసు వాటికంటే ముందు వంగేలా గోడ మందం ఎంచుకోండి. ఒకటిన్నర అంగుళానికి వెళ్లే ముందు ఈ జవాబు మీ చేతిలో ఉండాలి. మార్పు ఏదైనా డిజైనర్ రాతపూర్వక సమ్మతితోనే చేయండి. పౌర విమానాలను నియంత్రించే డీజీసీఏ ఇన్‌స్పెక్షన్‌లో ఆ కాగితం అడగొచ్చు.

లోహం సరిగ్గా ఎంచుకుని ఆకారంలో పాడు చేసుకునేవాళ్లు చాలామంది. ఇరుసు ఫ్లాంజ్‌ను కలిసే మూలలో లేత్ టూల్ మొన వదిలిన పదునైన మూల ఉంటే స్ట్రెస్ అక్కడ దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. అదే మూలను 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పిస్తే ఒకటిన్నర, 1.7 రెట్ల దగ్గర ఆగుతుంది. లోహం మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. చిక్కేమిటంటే బేరింగ్ కోన్ చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) ఆ ఫిల్లెట్ (గుండ్రటి మూల) మీద కూర్చోకూడదు. మధ్యలో ఒకవైపు చాంఫర్ కొట్టిన స్పేసర్ వేయాలి. మేస్త్రికి డ్రాయింగ్‌లో ఫిల్లెట్ అంకె రాసివ్వండి, ఫినిష్ కూడా రాయండి. టూల్ గీతలు కనబడకుండా, ఎమరీతో పొడవు దిశలో పాలిష్ చేయమనండి. అడ్డంగా చేసిన గీతలు పగుళ్లకు మొదళ్లవుతాయి.

రంధ్రాల విషయం. మీ ఇరుసు తిరగదు, చక్రం ఒక్కటే తిరుగుతుంది. కాబట్టి లాగుడు ఎప్పుడూ దాదాపు ఒకే వైపు వస్తుంది. నిలువు లోడ్‌కు కింది అంచున, వెనక్కి తోసే లోడ్‌కు ముందు అంచున. పక్క లోడ్ లోపలికి వస్తే పై అంచున. బ్రేకు టార్క్ ప్లేటు కోసమో, గ్రీజు కోసమో ఫ్లాంజ్ దగ్గర కింద, ముందు వైపు రంధ్రం వేయనివ్వొద్దు. చివర కాటర్ పిన్ రంధ్రానికి భయం లేదు, అక్కడ మూమెంట్ దాదాపు సున్నా. పగుళ్ల కోసం వెతికేటప్పుడు కూడా ముందు కింది అంచు, ముందు అంచు చూడండి.

వెల్డింగ్ డిజైన్ అయితే, 4130 ట్యూబ్‌ను ఫ్లాంజ్‌కు టిగ్‌తో వెల్డ్ చేయిస్తారు. మూమెంట్ అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటే వెల్డ్ వస్తుంది. వీలైతే ట్యూబ్‌ను ఫ్లాంజ్ లోపలికి దూర్చి, వెనకవైపు కూడా వెల్డ్ పెట్టించండి. గాలి తగలని చోట మెల్లగా చల్లారనివ్వాలి. నీళ్లు పోయడం, తడిగుడ్డ వేయడం చేస్తే పక్కన పెళుసు పొర ఏర్పడుతుంది. విశాఖలో మంచి టిగ్ వెల్డర్లకు కొరత లేదు. షిప్‌యార్డు, రిఫైనరీ పైపు పనుల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. మందపాటి పైపులకు అలవాటుపడినవాళ్లు కాస్త వేడి ఎక్కువ పెడతారు. ముందు అదే ట్యూబ్ ముక్క మీద ఒక వెల్డ్ చేయించి, వైస్‌లో బిగించి, సుత్తితో వంచి చూడండి. వెల్డ్ అంచున తెగితే ఆ పద్ధతి మార్చాలి.

ఉప్పు గాలి. బీచ్ రోడ్డు ఇళ్లలో ఏసీ బయటి యూనిట్లు ఎన్నాళ్లు నిలుస్తాయో మీకు చెప్పక్కర్లేదు. 4130 కూడా తుప్పు పడుతుంది. తుప్పు పట్టడం కంటే తుప్పు వదిలే సన్నని గుంటలు ప్రమాదం, ఫెటీగ్ పగులు వాటిలోంచే మొదలవుతుంది. బయట కనిపించే భాగానికి ఫాస్ఫేట్, ఆపైన ఎపాక్సీ ప్రైమర్, లేత రంగు పెయింట్ వేయించండి. తెలుపు అయితే పగులు అంచున ఎర్రటి తుప్పు గీత త్వరగా కంటబడుతుంది. బేరింగ్ కూర్చునే చోట పెయింట్ ఉండకూడదు. అక్కడ గ్రీజే కాపలా. ట్యూబ్ లోపలి భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. లోపల ఎపాక్సీ ప్రైమర్ పోసి తిప్పి, వంచి ఒంపేసి, ఆరాక రెండు చివరలూ మూసేయండి. మూయని ట్యూబ్ రాత్రి తేమను లోపల నీళ్లుగా మారుస్తుంది, తుప్పు లోపలి నుంచి తింటుంది. చక్రం మెగ్నీషియందైతే ఉక్కు తగిలే ప్రతిచోటా గ్రీజు గానీ సీలెంట్ గానీ ఉండాలి. ఉప్పునీటిలో ఆ రెండిటికీ పడదు.

వానాకాలంలో వీల్ ఫెయిరింగులు తీసేయండి. ఎర్రమట్టి తడిసి లోపల గట్టిపడితే చక్రం పట్టేస్తుంది, ఇరుసు మీద మనం లెక్కలో వేయని లాగుడు వస్తుంది. ప్రెషర్ పంపుతో చక్రాలు కడగొద్దు. ఆ నీళ్లు ఫెల్ట్ సీలును దాటి బేరింగ్‌లోకే వెళ్తాయి. బకెట్ నీళ్లు, బ్రష్, తర్వాత తుడిచి గ్రీజు చూసుకోవడం సరిపోతుంది.

కొనేటప్పుడు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. దాని మీది హీట్ నంబర్, రాడ్డు మీద కొట్టిన నంబర్ ఒకటే అయి ఉండాలి. కొట్టువాళ్లు నంబర్ ఉన్న చివరే కోసి ముందు అమ్మేస్తారు, అందుకే మీ ముక్క కోయకముందే ఫోటో తీసుకోండి. హార్డ్‌నెస్ పరీక్ష ఖర్చు తక్కువ, తప్పక చేయించండి. మెషీనింగ్ అయ్యాక ఒకసారి, తర్వాత ఏడాదికోసారి, గట్టిగా దిగిన ప్రతిసారీ మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేయించండి. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఓడల పనుల వల్ల ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా పగుళ్లు వెతికే పరీక్షలు) టెక్నీషియన్లు ఎక్కువగా ఉన్న ఊరు మనది, ఆ సదుపాయం వాడుకోండి. అల్యూమినియం, టైటానియం ఇరుసులకు ఆ పరీక్ష పనిచేయదు, డై పెనిట్రెంట్ చేయించాలి. దానికి పెయింట్ తీయాల్సి వస్తుంది కాబట్టి జనం వాయిదా వేస్తారు. 4130 వైపు నేను మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. గట్టిగా దిగిన తర్వాత ఇరుసును వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో వంపు చూడండి. వంగిన ఇరుసును ప్రెస్‌లో సరిచేసి వాడొద్దు. కొత్తది చేయించుకోండి, పాతదాన్ని రెండు ముక్కలుగా కోసేయండి, పొరపాటున ఇంకెవరి చేతికీ వెళ్లకుండా.

మీ చక్రం మోడల్, ఫ్లాంజ్ నుంచి చక్రం మధ్య గీతకు కొలిచిన దూరం, గేర్ లెగ్ బోల్టుల సైజు, వాటి మధ్య దూరం రాయండి. నేను వేసిన 70, 200 మిల్లీమీటర్ల కొలతలు అంచనాలే. మీ కొలతలతో గోడ మందం, ఫిల్లెట్, స్పేసర్ మళ్లీ లెక్కగట్టి పెడతాను. అప్పటిదాకా ట్యూబ్ ఆర్డర్ ఇవ్వకండి.